లైన్లో టిక్కు టిక్కు

మోడెమ్ మీది పచ్చదీపం మళ్ళీ ఆరిపోయింది. ఐవర్ టలక్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"పోయింది! పాట పెంచుదామని మీట నొక్కబోతే పోయింది!"

వేలంలో ఉన్నది పాత ట్రాక్టరు మాగ్నెటో. ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే సామాను. అది లేకే కిందటేడు పాత ట్రాక్టర్ల ఊరేగింపులో ఐవర్ ట్రాక్టరుని కారు వెనక తాడు కట్టి లాక్కెళ్ళారు. జనం చప్పట్లు కొట్టారు కూడా. ఈ శనివారం మళ్ళీ ఊరేగింపు. దక్షిణ దీవి మొత్తంలో అమ్మకానికున్న మాగ్నెటో ఇదొక్కటే. 'గమ్‌బూట్' అని మారుపేరు పెట్టుకున్న ఎవరో ఇంటర్నెట్‌లో వేలానికి పెట్టారు. ఇంకో గంటలో పాట ముగుస్తుంది.

"టోపీని కొడితే దీపం వెలుగుతుందా? కంపెనీకి ఫోన్ చెయ్యి" అంది భార్య నోలీన్, చీజ్ రోల్స్‌కి వెన్న రాస్తూ.

చేశాడు. లోసా అనే అమ్మాయి పలికింది. కాసేపు తన కంప్యూటర్లో ఏదో చూసుకుంది.

"ఐవర్ గారూ, మీ ఇల్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌కి చాలా దూరం. అటెన్యుయేషన్ ఎక్కువగా ఉంది."

"ఉంటే తీసెయ్యమ్మా."

"తీసేసేది కాదండీ. మీ కుక్కని కొండ అవతలినుంచి పిలిచారనుకోండి, వినిపిస్తుందా?"

"పక్కన నిలబడి పిలిచినా వినదది."

"సరే, మంచి కుక్క అనుకోండి. దూరం పోయేకొద్దీ పిలుపు పలచబడుతుంది. తీగలో సిగ్నలూ అంతే. అదే అటెన్యుయేషన్. మధ్యలో గాలి హోరుంటే అది నాయిస్. ఆ హోరుని మించి మీ పిలుపు ఎంత పైకి వినిపిస్తోందో అది నాయిస్ మార్జిన్. మీకది ఉండుండి సున్నా అయిపోతోంది. అప్పుడు సింక్ తప్పుతుంది. మీ మోడెమూ, మా ఎక్స్ఛేంజూ మళ్ళీ మొదటినుంచీ పరిచయం చేసుకోవాలి."

"పొద్దున్నించీ పరిచయాలే చేసుకుంటున్నాయి. ఇంకా ఎన్నాళ్ళమ్మా వాటి సిగ్గు?"

లోసా నవ్వి, చటుక్కున ఆగింది. "మీ గదిలో గడియారం ఉందా? టిక్కు టిక్కుమంటోంది."

"గడియారం కాదు. ఫోనెత్తితే అలాగే అంటుంది. ఫోన్లన్నీ అంతేగా?"

"కాదండీ! అది కరెంటు కంచె చప్పుడు. కంచెలో కరెంటు కొట్టినప్పుడల్లా మీ లైన్లో నాయిస్ పడుతోంది. కంచె ఆపండి, నిలబడుతుంది."

"మా కంచె ఆపేసి వారమైంది."

నోలీన్ వెన్న కత్తి కిటికీ వైపు చూపించింది. రోడ్డు వారన, ఫోను కేబులు పూడ్చిన దారి వెంటే, పక్క పొలం కంచె మిలమిలా మెరుస్తోంది. డెస్ మెక్రా కంచె.

"చచ్చినా అడగను. వాడి మొహం చూసి నాలుగేళ్ళయింది" అన్నాడు ఐవర్.

"మొహం ఎవడు చూడమన్నాడు? స్విచ్చి చూస్తే చాలు. లేదంటే తాడు వెతుక్కో, శనివారానికి."

ఐవర్ గమ్‌బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. డెస్ వరండాలో టీ తాగుతున్నాడు.

"ఐవరా! దారి తప్పావా?"

"నీ కంచె ఆపు."

"ఎందుకట?"

"నా ఇంటర్నెట్ తెగిపోతోంది."

"దానికీ నేనేనా? మొన్న నీ కోళ్ళు గుడ్లు పెట్టకపోయినా నేనేనట. కంచె ఆపితే నా గొర్రెలు నీ టర్నిప్పు చేలో పడతాయి. అప్పుడూ నేనే."

"పడితే పడనీ. వేలంలో ఉన్నాను. పాట మధ్యలో ఊడిపోతున్నా."

డెస్ టీ కప్పు నోటి దగ్గరే ఆగింది. కప్పు కింద పెట్టాడు.

"అడగాల్సినట్టు అడుగు."

ఐవర్ దూరంగా ఉన్న గొర్రెల్ని చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. తర్వాత, పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టు తెరిచాడు.

"దయచేసి."

డెస్ లోపలికెళ్ళి స్విచ్చి ఆపాడు. "ఇంకేం, పరుగెత్తు! వెనక్కి తగ్గకు. పైపైకి పాడు!"

ఎగతాళికి జవాబు చెప్పే టైము లేదు. ఐవర్ బురదలో పడుతూ లేస్తూ ఇల్లు చేరాడు. పచ్చదీపం రెప్ప వెయ్యకుండా వెలుగుతోంది.

"అంత తేలిగ్గా ఆపాడా? నమ్మలేను" అంది నోలీన్.

"దయచేసి అనిపించుకున్నాడు. తేలికంటావేంటి!"

ఐవర్ పాట పెంచాడు. అవతలెవడో పెంచాడు. ఐవర్ మళ్ళీ పెంచాడు. అవతలివాడూ వదల్లేదు.

"ఆపు ఐవర్, ఆ డబ్బుకి ట్రాక్టరే వస్తుంది" అని నోలీన్ చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో పెంచాడు. అవతలివాడు ఊరుకున్నాడు. వేలం ముగిసింది. మాగ్నెటో ఐవర్‌దే.

ఐవర్ వంటగదిలో ఒంటికాలి మీద ఒక చుట్టు తిరిగాడు. నోలీన్ చీజ్ రోల్స్ పళ్ళెం పక్కకి జరుపుకుంది.

ఫోన్ మోగింది. ఎత్తితే లైన్లో చిన్న టిక్కు కూడా లేదు.

"మాగ్నెటో పాడుకున్నది మీరేనా?" అంది రొట్టె నములుతున్న గొంతు. "దాన్ని అమ్మకానికి పెట్టినవాణ్ణి."

"నేనేనండీ, నేనే! చాలా సంతోషం! ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి పట్టుకెళ్తా. ఎంత దూరమైనా సరే!"

అవతల నమలడం ఆగింది.

"అయితే ఐవర్, ఇక నా కంచె స్విచ్చి వేసుకోనా?"