అల్యూమినియం బండి

రేణు వాకిలి ఊడుస్తుంటే, బండ్ల సొట్టలు తీసే టింకరింగు పని చేసే ఆమె మొగుడు యతీశ్ గ్యాస్ మంట వెలిగించాడు. ఎదురుగా అతని తమ్ముడు మునిరాజు కొత్త పికప్ ఉంది. బేరిగై రోడ్డు మలుపులో గోడకు గుద్దుకుని దాని పక్క రేకు లోపలికి పోయింది.

"షోరూములో రేకంతా మార్చాలన్నారన్నా. ఏడాది బండి కంతులంత అవుతుందంట. నువ్వుండగా ఆడికెందుకని ఈడికొచ్చినా," అన్నాడు మునిరాజు.

"మంచి పని చేసినావు. నీకు బండి, నాకు సుత్తి! దేవుడు సరిగ్గానే పంచినాడు," అని నవ్వాడు యతీశ్.

రేణు చీపురు పడేసి వచ్చి సిలిండర్ మర తిప్పి గ్యాస్ ఆపేసింది.

"వద్దప్పా మునిరాజూ. ఇది ఇనుము కాదు, అల్యూమినియం. మంట పెడితే ఎర్రబడకుండానే కరిగి బొక్క పడుతుంది. రేకు మార్పించుకో."

మునిరాజు మొహం ముడుచుకుంది. "మా బండి బాగైతే నీకెందుకు వదినా అంత కుళ్ళు? టింకరింగు నీకు తెలుసా, అన్నకు తెలుసా?"

"నాకేం తెలుసప్పా? నిన్న నువ్వు ఫోను చేసినాక ఈ మాట మీ అన్నే చెప్పినాడు. నవ్వుతా చెప్పినాడు."

మునిరాజు మెల్లగా తిరిగాడు. "అన్నా?"

యతీశ్ సుత్తి కింద పెట్టాడు. చెప్పులేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, గేటు దాటి వెళ్ళిపోయాడు.