పక్క మంచం ప్రశ్నలు

“తగ్గించకండి. ఇంకొంచెం బిగించండి.”

డయాలసిస్ మంచం మీద వెనక్కి ఆనుకుని, కాళ్ల దగ్గర అమర్చిన పెడళ్లు తొక్కుతూ అంది టైలరమ్మ. ఒక చేతికి రక్తం వెళ్లే గొట్టాలు. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

వ్యాయామం చేయించే ఫిజియో నవ్వింది.

“రొప్పు రాకుండా తొక్కాలమ్మా. కసిగా తొక్కితే త్వరగా బాగుపడతారని లేదు.”

“నా కుట్టుమిషను మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లెక్కలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని కొట్టువాళ్లు అన్నారు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. రొప్పు వచ్చినా పంటి బిగువున దాచేది.

ఆ పట్టుదలకు అడ్డు తగిలింది పక్క మంచం పెద్దాయన. ఆయనదీ అదే వైద్యం, అదే గది. ఆమె పెడలు మీద కాలు వేస్తే చాలు, ఆయన ప్రశ్నలు మొదలయ్యేవి.

“ఏం పని చేస్తావమ్మా?”

“బట్టలు కుడతాను.”

“పిల్లలెంతమంది?”

“ఒక్కతే కూతురు.”

“మీ ఆయనేం చేస్తారు?”

“పోయారు.”

“మంచిది, మంచిది.”

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. పైగా జవాబు చెబుతుంటే ఆయన ముఖం చూడడు, గొంతు వంక చూస్తాడు. ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది.

మరుసటిసారి మళ్లీ అవే ప్రశ్నలు. మధ్యలో ఆయన ఫిజియోకి చెయ్యెత్తి చూపించాడు. ఆమె వచ్చి పెడళ్ల బిగువు తగ్గించింది.

“నా కాళ్ల సంగతి ఆయనకెందుకండీ?”

“ఆయన ఎందుకంటే...” అని ఫిజియో చెప్పబోతుండగా వెనకాల ఏదో యంత్రం గట్టిగా మోగింది. గదిలో అందరూ ఉలిక్కిపడి అటు చూశారు. ఫిజియో పరుగెత్తింది. పెద్దాయన మాత్రం తీరిగ్గా టైలరమ్మ గొంతు వంకే చూస్తున్నాడు.

ఇక ఆమెకు ఓపిక నశించింది.

“సిస్టర్, నన్ను ఆ మూలకు మార్చండి. ఈ నస నావల్ల కాదు.”

మూల మంచం హాయిగా ఉంది. అడిగేవాళ్లు లేరు, వద్దనేవాళ్లు లేరు. ఫిజియో అటు తిరగ్గానే టైలరమ్మ వేగం పెంచింది. ఎదురుగా మెట్లున్నట్టే తొక్కింది.

కళ్లు బైర్లు కమ్మాయి. పిక్కలు పట్టేశాయి. బీపీ పడిపోయి, ఆ రోజు వైద్యమే సగంలో ఆగిపోయింది.

కోలుకుని మళ్లీ పెడళ్లు తొక్కడానికి వచ్చేసరికి వారాలు గడిచాయి. పెద్దాయన మంచం మీద మడతపెట్టిన దుప్పటి ఒక్కటే ఉంది.

“ఆయనేరీ?”

“పోయారమ్మా. ఇంట్లోనే, నిద్రలో.”

టైలరమ్మ ఆ మడత దుప్పటి వంకే చూసింది.

ఫిజియో పక్కన కూర్చుంది.

“మీరు వేసుకునే బీపీ మాత్ర గుండెను పరుగెత్తనివ్వదు. అందుకే నాడి ఒక్కటీ చూసి, మీరు ఎంత కష్టపడుతున్నారో చెప్పలేం. మిమ్మల్ని అడిగితే బాగానే ఉందంటారు. మాట తెగకుండా వస్తుందా లేదా, అదే మాకు కొలత. నేను అన్ని మంచాల దగ్గరా ఉండలేనుగా. ఆ పని ఆయన చూసేవారు.”

“ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా?”

“ఆయనే వద్దన్నారు. ‘మొండి మనిషి, తెలిస్తే ఊపిరి బిగబట్టి మాట్లాడుతుంది’ అన్నారు.”

టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన్ను వాగుడుకాయ అనుకున్నందుకు సిగ్గేసింది.

“నాకు ఆ మంచమే ఇవ్వండి. ఇవాళ మాట్లాడుతూనే తొక్కుతాను. ఆలస్యమైతే కానివ్వండి, ఆ మెట్లు ఎక్కి తీరతాను.”

పక్కన కొత్తగా చేరిన బస్సు డ్రైవరు పళ్లు బిగించి తొక్కుతున్నాడు. టైలరమ్మ అటు తిరిగింది.

“పిల్లలెంతమంది బాబూ?”

అతను జవాబు చెప్పలేక రొప్పాడు. టైలరమ్మ చెయ్యెత్తింది. ఫిజియో వెళ్లి బిగువు తగ్గించి వచ్చింది.

“ఇకనుంచి ఈ పని నాది,” అంది టైలరమ్మ. “ఎవరేం చెప్పినా ఆయనలాగే ఓపిగ్గా వింటాను.”

“వినక్కర్లేదమ్మా, గొంతు వంక చూస్తే చాలు,” అంది ఫిజియో. “ఆయనకు చెవులు వినపడక ఏళ్లయింది.”