సముద్రం వచ్చే టైము

జర్మనీలోనే సముద్రం పక్కనున్న కుక్స్‌హాఫెన్‌కి మకాం మార్చాక మొదటి ఆదివారం. "సముద్రం గురించి విశాఖవాణ్ణి నన్నడుగు. ఒక్క గంటలో చూసొచ్చేద్దాం" అన్నాడు శశికాంత్. భార్య స్నిగ్ధ పులిహోర డబ్బా, దుప్పటి సర్దుతుంటే నవ్వాడు కూడా.

పదింటికి బస్సు దిగారు. ఆటుకి నీళ్లు వెనక్కి పోయి, కనుచూపుమేర బురదే. "సముద్రం ఏది నాన్నా?" అని పాప జర్మన్‌లో అడిగింది.

విశాఖవాడు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా వెతికాడు.

"ఆదివారం దుకాణాలే గాదు, సముద్రం గూడ బందేనా?" అంటూ కరీంనగర్ స్నిగ్ధ దుప్పటి పరిచింది. "కూసో. రెండింటికి నీళ్లొస్తయ్, మళ్ల బస్సు మూడింటికే. ఫోన్ల పొద్దుగాల్నే చూసిన."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే రెండింటికే పోదామంటవ్. మూడు నెలలసంది ఆదివారం గూడ లాప్‌టాపే నీకు. అయిదు గంటలు మాతోని ఎట్ల కూసోవెట్టాలె మరి?"