వేపమండ కట్టిన గుమ్మం

"అమ్మవారు పోసినవాళ్ళను దాచడం నేరం. చూసి చెప్పనివాళ్ళదీ నేరమే."

రబ్బరు తోటలో పొద్దున్నే హాజరు పిలిచే చోట నిలబడి డ్రస్సరు దానియేలు చెప్పిన మాట ఇది. డ్రస్సరంటే తోట ఆసుపత్రిలో మందులిచ్చే ఆయన. పెద్ద డాక్టరు పట్నంలో ఉంటాడట, ఆయన ముఖం చూసినవాళ్ళెవరు గనుక! మశూచి సోకినవాళ్ళను ఏటవతల ఆకుల కొట్టంలోకి చేరుస్తున్నారు. అక్కడికి పోయినవాళ్ళు తిరిగి రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"ఈ నేల మనకు కూడు పెడుతోంది. దీన్ని కాపాడుకోవడం మన బాధ్యత కాదా?" అన్నాడు దానియేలు.

అందరూ తలలు దించుకున్నారు. ఎర్రమ్మ ఒక్కతే ముందుకొచ్చింది.

"మా లయంలో ఎవులింటికి అమ్మోరొచ్చినా నాను సెప్తాను బాబూ."

లయమంటే ఒకే రేకుల కప్పు కింద వరసగా కూలివాళ్ళ గదులు. ఒకరి దగ్గు ఇంకొకరికి వినిపించేంత దగ్గర.

అన్నట్టే చెప్పింది. మొదట కూర్మయ్యను పట్టించింది. తర్వాత తన సొంత వదిన పోలమ్మను. ఆడవాళ్ళు చాటున మెటికలు విరిచారు, ఎదురుపడితే "ఎర్రమ్మప్పా" అన్నారు. తోట దొర మెచ్చి ఆమెకు ఎర్ర కంబళి పంపించాడు.

ఈ మధ్యనే కొడుకు అప్పడు క్లాంగ్ రేవులో మూటలు మొయ్యడానికి పోయాడని చెప్పింది. ఒంటి మనిషి అయిపోయింది పాపం. తాళింపు పెట్టుకోవడం కూడా మానేసింది. ఎవరో ఎండుచేపలు ఇవ్వబోతే, "నోరు సేదుగున్నాదే, వద్దు" అంది.

ఒకరోజు దానియేలు లయం ముందు ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"ఇక్కడ ఇంకెవరికో ఉంది. రేపు గదిగదీ వెతికిస్తాను."

"మీకెందుకు బాబూ అన్ని పాట్లు? నాను సూసి సెప్తాను గదా."

మర్నాడు తెల్లవారేసరికి అదే లయంలో ఉండే రామలక్ష్మి గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. ఇంటికి అమ్మవారు వస్తే గుమ్మానికి వేపమండ కట్టడం విజయనగరం వైపు నుంచి మనతోపాటే ఓడెక్కి వచ్చిన ఆచారం. అది చూశాక ఇంకెవరూ ఏమీ అడగక్కర్లేదు. ఎర్రమ్మ దానియేలును వెంటబెట్టుకొచ్చింది.

రామలక్ష్మి చంటిపిల్లను ఎత్తుకుని బయటికొచ్చి బిత్తరపోయింది.

"ఓలప్పా, ఆ మండ నాను కట్టనేదే! నీ కాళ్ళట్టుకుంటాను. గుంటకి ఇవి సెమటకాయలే!"

"అందరూ ముందు అలాగే అంటారే అమ్మా." ఎర్రమ్మ గొంతు మెత్తగానే ఉంది. "మరి మండ తనంతట తానే నడిసొచ్చి ఏలాడిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

దానియేలు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దూరం నుంచే చూశాడు. పిల్ల మెడ నిండా ఎర్రగా ఉంది. ఆయనకు అది చాలు.

రబ్బరుపాల బకెట్టు చెట్టు కిందే పారేసి మొగుడు తాతబాబు పరుగెత్తుకొచ్చాడు.

"ఎర్రమ్మప్పా! నీకూ ఓ బిడ్డున్నాడు గదే!"

"ఉన్నాడు నాయనా. ఉన్నాడు కాబట్టే సెప్తన్నాను."

ముగ్గురినీ తోలుకుపోయారు. ఏరు దాటేదాకా పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది.

"ఇక వెతకక్కర్లేదు, దొరికింది," అన్నాడు దానియేలు అందరికీ వినపడేలా. "ప్రతివాళ్ళూ ఎర్రమ్మలా ఉంటే ఈ తోటకు ఏ రోగమూ రాదు."

ఎర్రమ్మ ఆయనకు దణ్ణం పెట్టి, తన గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకుంది.

మూలన ఎర్ర కంబళి ఎత్తి, క్లాంగ్ రేవుకు పోయాడని అందరికీ చెప్పిన అప్పడి ఒంటినిండా చితికిన పొక్కుల మీద, రామలక్ష్మి గుమ్మానికి కట్టగా మిగిలిన వేపమండతో మెల్లగా విసరసాగింది.