కొట్టుకు తాళం వేశానా?

"తల్లీ, కొట్టుకు తాళం వేశానా?"

బస్సు ఇంకా జగ్గయ్యపేట స్టాండులోనే ఉంది. నాన్న ఈ మాట అడగడం అయిదోసారి. మా కిరాణా కొట్టు తాళాన్ని ఆయన గుంజినన్నిసార్లు దొంగలు కూడా గుంజి ఉండరు. దాని పుణ్యమా అని నిన్నా మొన్నా బస్సెక్కి దిగిపోయాం. నందిగామ కాలేజీలో నేను చేరడానికి ఇవాళే ఆఖరు రోజు.

నెలరోజులుగా నాన్న అనుమానం జబ్బుకు ఇంటర్నెట్టు వైద్యం నడుస్తోంది. నెట్ సెంటర్లో పాఠాలు ప్రింటు తీయించి, ఇంగ్లీషు నేనే చదివి చెబుతున్నాను. తాళం ఒక్కసారే చూసి వచ్చెయ్యాలట. ఆ పాఠం సరిగ్గా విన్నానో లేదోనని నాన్న నాలుగేసిసార్లు చదివించుకుంటాడు. గొప్ప విద్యార్థి!

ఒళ్లో కాగితాలు తిరగేస్తుంటే, 'ఇంట్లోవాళ్లకు' అన్న పేజీ కనిపించింది. జబ్బు నాది కాదుగా అని ఇన్నాళ్లూ వదిలేశాను. 'వేశావులే అని మీరు ధైర్యం చెప్పినకొద్దీ అనుమానం పెరుగుతుంది' అని ఉంది.

రోజుకు ఇరవైసార్లు ధైర్యం చెప్పే మంచి కూతుర్ని నేను.

"చెప్పవేం తల్లీ? వేశానా?"

"చెప్పను నాన్నా."

నాన్న లేచి నిలబడ్డాడు.

"దిగుతారా శెట్టిగారూ? రోజూ ఉన్నదేగా!" అన్నాడు కండక్టరు.

"నువ్వు చూశావుగా తల్లీ! ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"కూర్చో నాన్నా."

బస్సు కదిలింది. నాన్న కూర్చున్నాడు. చిల్లకల్లు దాటేదాకా నా చెయ్యి పట్టుకున్నాడు, తాళాన్ని పట్టుకున్నంత గట్టిగా.

ఒక్కసారి కూడా గుంజలేదు.