మలుపు దగ్గర సిగ్నల్

“వీడియో వద్దమ్మా. గొంతు వినబడితే చాలు” అన్నాడు పెద్దాయన మూడోసారి.

కార్లకూ వ్యాన్లకూ స్పీకర్లు, కెమెరాలు బిగించే ఆ షాపులో ఫిట్టరమ్మకు పని ఎంత వచ్చో నోరూ అంతే. “బండిలో నెట్ పెట్టించుకుని మొహం చూసుకోనంటున్న మనిషిని నిన్నే చూస్తున్నా బాబాయ్! సరే, ఎక్కడ పనిచెయ్యాలి?”

“కొండ దారిలో. సరిగ్గా నాలుగింటికి.”

సంగతంతా విన్నాక ఆమె నోరు కాస్త మెత్తబడింది. ఆ ఫోన్ ఎత్తాల్సిన ఆవిడకు మతిమరుపట. రోజూ నాలుగింటికి ఫోన్ రావాలి, ‘వస్తున్నా’ అన్న మాట చెవిన పడాలి. పడకపోతే చెప్పులేసుకుని రోడ్డెక్కేస్తుంది. ఈయనదేమో మందులు చేరవేసే వ్యాను. ఈ మధ్యే రూటు మార్చారు. ఆ వేళకు కొండల్లో ఉంటాడు, అక్కడ ఫోన్‌లో ఒక్క గీత కూడా కనబడదు. పోయిన వారం ఆవిడ రెండుసార్లు నడిరోడ్డు మీద దొరికింది.

“ఇంకొక్కసారి బయటికెళితే తాళం వేసి ఉంచే ఆశ్రమంలో చేర్చేస్తానంది ఆవిడ మేనకోడలు. తలుపు మూస్తే ఆవిడ ఉండలేదమ్మా. నాలుగు రోజులు కూడా బతకదు.”

“వద్దని నువ్వు గట్టిగా చెప్పలేవా?”

“నా మాట చెల్లదమ్మా.”

“మగవాళ్ల మాట ఏ ఇంట్లో చెల్లిందిలే!” అని నవ్వి, ఫిట్టరమ్మ పనిలోకి దిగింది. “ఫోన్ హాట్‌స్పాట్ దండగ. నీ ఫోనుకే దిక్కు లేనప్పుడు అదెవరికి పంచుతుంది? లైటర్ సాకెట్లో గుచ్చే డాంగిల్‌దీ అదే కథ. ఆకాశం నుంచి నెట్ దించే పళ్లెం ఉంది గానీ, దాని ఖరీదు వింటే నీకు ఇక్కడే కళ్లు తిరుగుతాయి. రెండు సిమ్‌ల రౌటర్ పెట్టి, టాపు మీద యాంటెనా బిగిస్తా. ఫోనుకి అందని సిగ్నల్ దానికి అందుతుంది. కాల్ నెట్ మీదే పోతుంది.”

“అందకపోతే?”

“నేనూ వస్తున్నాగా. అందేదాకా నీ బండి దిగను, సరేనా?”

మూడింటికి బయల్దేరారు. పెద్దాయన బండి ఎంత నెమ్మదిగా నడుపుతాడంటే, సైకిళ్లు కూడా దాటిపోతున్నాయి. ఫిట్టరమ్మ ఊరుకోలేకపోయింది. “మా ఆయన పక్క గదిలో ఉండి కూడా నా ఫోన్ ఎత్తడు. నీలాంటివాడు దొరకాలంటే పెట్టి పుట్టాలి బాబాయ్.” ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలుందనగా కొండ మలుపులో బండి పక్కకు తీసి ఆపాడు. అవతల లోయ.

“అయ్యో, ఇక్కడా! ఇది పాడు మలుపు బాబాయ్. ఇరవయ్యేళ్ల కిందట, నేను బడికెళ్లే రోజుల్లో, పళ్ల వ్యాను ఒకటి ఇక్కడే లోయలో పడింది. ఓనరు అక్కడికక్కడే పోయాడు. నడిపినవాడికి మాత్రం గీత కూడా పడలేదట. నిద్రపోయుంటాడు, దరిద్రుడు! నిక్షేపంలాంటి సంసారాన్ని కూల్చిపారేశాడు.”

పెద్దాయన హ్యాండ్ బ్రేకు ఇంకోసారి లాగి చూసుకున్నాడు. “టైమవుతోందమ్మా” అన్నాడు.

నాలుగైంది. కాల్ పోలేదు. రౌటర్ మీద ఎర్రలైటు. మళ్లీ కొట్టాడు, పోలేదు. నాలుగు దాటి మూడు నిమిషాలు. ఆయన వాచీ చూసుకున్నాడు.

“చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. గుమ్మం దాకా వచ్చేసుంటుంది.”

ఫిట్టరమ్మ ఒక్క ఉదుటున టాపెక్కింది. చూస్తే, సామాను కట్టే ఇనప క్యారియర్ పక్కనే యాంటెనా, ఆ ఇనుమే సిగ్నల్‌కి అడ్డు! బిగించింది తనే. తన బుద్ధికి తనే నాలుగు తిట్లు తిట్టుకుని, దాన్ని పీకి ముందువైపు, డ్రైవర్ నెత్తిమీదకు మార్చింది. కిందకు వంగి చూసింది. పచ్చలైటు.

“కొట్టు బాబాయ్, కొట్టు!”

పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చొక్కా పైగుండీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. కిందకు దిగొచ్చిన ఫిట్టరమ్మకు నవ్వొచ్చింది, అచ్చం కొత్త పెళ్లికొడుకే.

“ఏమండీ, ఎందాకా వచ్చారు?” ముసలి గొంతు వ్యానంతా వినబడింది. “నేనే ఎదురొద్దామని తలుపు తీశా.”

“వద్దు. వస్తున్నా. దారిలో ఉన్నా.”

“గొంతేంటి అలా ఉంది?”

“దుమ్ము.”

“బండి నడిపే అబ్బాయిని తొందరపెట్టకండి. పాపం, పొద్దున్ననగా తిన్నాడు. ముందు వాడికి పెట్టించి, తర్వాత మీరు తినండి.”

పెద్దాయన ఒళ్లోని టోపీని తిన్నగా సర్ది, “అలాగే” అన్నాడు.

“సరే, తలుపేసుకుంటా. మెల్లిగా రండి.”

ఫోన్ పెట్టేసినా ఆయన ఆ ఫోన్‌నే చూస్తూ ఉండిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ఫిట్టరమ్మకూ ఏడుపొచ్చేసింది. “బండిలో లేని అబ్బాయి ఆకలి కూడా పట్టించుకుంటోంది, ఎంత మంచి మనసు! సాయంత్రం నువ్వెళ్లేసరికి గుర్తుపడుతుందా?”

“లేదమ్మా. ఎవరు కావాలండీ అంటుంది. మందులిచ్చి వచ్చేస్తాను.”

“వచ్చేయడమేంటి బాబాయ్! పక్కన కూర్చుని, నేనే నీ మొగుణ్ణని చెప్పొచ్చుగా?”

ఆయన లోయవైపు చూశాడు. టోపీ పెట్టుకుని, బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు.

“నేనావిడ మొగుణ్ణి కాదు తల్లీ, నువ్వు తిట్టిన ఆ దరిద్రుణ్ణి.”