నాయనమ్మ చీర గౌను

నేను యాభై ఆరేళ్లకు పలక పట్టినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను కనుక ఆలస్యం నాది. తొందర మాత్రం దీక్షితది.

పాత బట్టలతో కుట్టిన గౌన్ల పోటీకి రెండు గంటల ముందు దీక్షిత తన గౌనును తానే దొంగిలించింది.

దీక్షిత జహీరాబాద్ అవతల, హైవే పక్కనున్న యూనివర్సిటీలో ‘పచ్చ దారం’ అనే విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు. కొత్త బట్టలు కొనకండి, ఉన్నవే తిరిగి కుట్టించుకోండి, భూమిని కాపాడండి అన్నది ఆ సంఘం మాట. ఆ మాట అందరికీ చేరాలని సంఘం వాళ్లు నలభై కొత్త టీషర్టులు కొని, వాటి మీద ‘కొత్త బట్టలు కొనొద్దు’ అని అచ్చు వేయించారు. గేటు నుంచి ఆడిటోరియం దాకా ప్లాస్టిక్ ఫ్లెక్సీలు కట్టారు. భూమి ఎంత సంతోషించిందో తెలియదు గానీ, ఫ్లెక్సీల్లో దీక్షిత మాత్రం బాగా నవ్వుతూ ఉంది.

ఆ ఫ్లెక్సీల్లో ఆమె వేసుకున్నదే ఈ గౌను. “మా నాయనమ్మ పెళ్లినాటి ఇల్కల్ చీర. అరవై ఏండ్లది. నేనే కత్తిరించి కుట్టిన” అని ప్రతి వీడియోలోనూ చెప్పింది. ఒక వీడియోలో కళ్లు కూడా తుడుచుకుంది.

నిజానికి ఆ గౌను నెల క్రితం హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపులో కొన్నది. నాయనమ్మ జీవితమంతా మిల్లు చీరలే కట్టింది. దీక్షితకు సూదిలో దారం ఎక్కించడమే రాదు.

ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఆ రోజు మాత్రం సంఘం బాగోగులు చూసే గిరీశ్ సార్ సంబరంగా వచ్చాడు.

“దీక్షితా, జడ్జిగా రేఖ మేడమ్ వస్తున్రు! ముప్పై ఏండ్లు చేనేత బట్టల మీదనే పనిచేసిన్రు. బట్ట పట్టుకుంటే చాలు, ఎప్పటిదో చెప్పేస్తరు. నీ గౌను చూస్తే ఎంత ఖుషీ అయితరో!”

దీక్షిత లెక్కలు వేసుకుంది. అబద్ధం బయటపడితే బహుమతి సంగతి అటుంచి, అధ్యక్ష పదవే పోతుంది. అదే గౌను పోతే? అందరూ అయ్యో పాపం అంటారు. పదవి పదిలంగా ఉంటుంది.

గౌనును కాల్చేద్దామనుకుంది. పొగ వస్తుంది. పర్యావరణం కోసం పాటుపడే పిల్ల కదా, మానుకుంది. అంతలో హాస్టల్ వెనక నుంచి బసమ్మ కేక వినబడింది.

“పాత బట్టలకు స్టీలు సామాన్లూ!”

బసమ్మ ఝరాసంగం నుంచి ఆటోలో వస్తుంది. నెత్తిన గిన్నెల గంప, వీపున పాత బట్టల మూట. ఏ సంఘమూ పెట్టకుండానే ముప్పై ఏళ్లుగా పాత బట్టలను ఇంటింటా సేకరించి, మళ్లీ వాడేవాళ్లకు చేరుస్తోంది. ఆమెకు ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు.

దీక్షిత గౌనును ఆమె మీదికి తోసింది. “నాకేం వద్దమ్మా, తీస్కపో. జల్ది పో.”

“ఉత్తగ ఎట్ల తీస్కుంట బిడ్డా? ఉత్తగ తీస్కుంటే మాలో దొంగతనమంటరు.”

బసమ్మ బట్టను వెలుతురుకు పట్టి చూసింది. వేళ్ల మధ్య నలిపింది. గిన్నెల గంపలోంచి ఒక పెద్ద స్టీలు గంజు తీసి దీక్షిత చేతిలో పెట్టింది. దీక్షిత దాన్ని మెట్ల కింద పడేసి, గదికి పరుగెత్తి, “నా గౌను పోయింది!” అని ఏడుపు అందుకుంది.

ఏడుపు బాగా కుదిరింది. మరీ బాగా కుదిరింది. గిరీశ్ సార్ కరిగిపోయి గేటుకు ఫోన్ చేశాడు. ఆటో ఇంకా నిండలేదని గేటు దగ్గరే కూర్చుని రొట్టె తింటున్న బసమ్మను వాచ్‌మన్ మూటతో సహా ఆడిటోరియానికి తీసుకొచ్చాడు. మూట విప్పారు. అన్నిటికన్నా పైన గౌను. హాలంతా చప్పట్లు. దీక్షిత ఒక్కతే కొట్టలేదు.

“గీ బిడ్డనే ఇచ్చింది సారూ! బదులుకు గంజు గూడ ఇచ్చిన,” అంది బసమ్మ.

“అబద్ధం సార్! మా నాయనమ్మ గుర్తును గంజుకు అమ్ముకుంటనా?”

“అమ్ముకున్నవు బిడ్డా. బేరం గూడ ఆడలే.”

నలభై కొత్త టీషర్టులు బసమ్మను ఈసడింపుగా చూశాయి. పోలీసులను పిలవండి అన్నారెవరో.

“పోలీసుల సంగతి తర్వాత. నువ్వు ఫికర్ చెయ్యకు దీక్షితా, నీ గౌను దొరికింది. పోటీ ఆగదు,” అంటూ గిరీశ్ సార్ దాన్ని తీసుకెళ్లి నేరుగా రేఖ మేడమ్ చేతుల్లో పెట్టాడు.

రేఖ మేడమ్ గౌనును తిరగేసింది. లోపలి కుట్ల వెంట వేలితో రాసింది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. దీక్షిత బుర్ర చకచకా పనిచేసింది. ఆవిడ నోరు తెరిచేలోపే తాను తెరవాలి.

“మేడమ్, అది నాది కాదు! నాది అసలు పాత చీర. ఈమె దాన్ని మాయం చేసి, అట్లాంటిదే కొత్తది తెచ్చి మూటల పెట్టింది!”

బసమ్మ నోరెళ్లబెట్టింది. “కొత్త బట్టనా? నా ఒంటికే కొత్త బట్ట కొనక ఏండ్లాయె కదనే!”

రేఖ మేడమ్ తల ఎత్తింది. “ఇది కొత్తదని నీకెవరు చెప్పారమ్మా? పైన రంగేసి మెరిపించారు, అంతే. లోపలంతా మగ్గం మీద నేసిన ఇల్కల్ చీరే. అరవై ఏళ్లకు తక్కువ ఉండదు. మొదటి బహుమతి దీనికే ఇద్దామనుకుంటున్నాను.”

దీక్షిత ముఖం ఎర్రబడింది. ఇంతగా మోసపోయాక ఎవరికైనా కోపం ఆగుతుందా?

“అరవై ఏండ్లదా! కొత్తదని ఒట్టేసి మరీ అమ్మిండు మేడమ్ నాకు, ఆ షాపోడు!”

— సుగుణమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది చిరాగ్‌పల్లిలో.